మీ అమ్మ మోకాళ్లు, అరచేతులు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మకు నొప్పులు ఎక్కువయ్యాయనీ, ఊళ్లో అందరూ ‘నరాల బలహీనత’ అంటున్నారనీ, బలానికి సూదిమందు వేయించమంటారా అనీ అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, ముందు ఆ మాటను పక్కన పెట్టు. కీలు అరిగినా, కండరం పట్టేసినా, నరం నలిగినా, చివరికి రక్తం తక్కువైనా మన వైపు అన్నింటికీ అదే పేరు. పేరు ఒకటైతే మందు కూడా ఒకటే అవుతుంది, చిక్కంతా అక్కడే వస్తుంది. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అమ్మకున్నవి రెండు వేర్వేరు బాధలు.

మొదటిది మోకాళ్లది. ఉదయం లేవగానే బిగుసుకుని ఉండి నాలుగడుగులు వేసేసరికి సడలుతాయనీ, మెట్లు దిగేటప్పుడూ కత్తిపీట ముందు నుంచి లేచేటప్పుడూ కలుక్కుమంటాయనీ రాశావు. ఈ తీరు అరుగుదలది. పొద్దుటి బిగుతు అరగంటలోపు సడలితే సాధారణంగా అది అరుగుదలే. గంట దాటినా సడలకుండా, రెండు చేతుల వేళ్ల కణుపులు కూడా వాచి ఉంటే కీళ్లవాతమని అనుమానించి, ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాత జబ్బులు చూసే డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే ఆ జబ్బులో కీళ్లు తొలి నెలల్లోనే దెబ్బతినడం మొదలుపెడతాయి.

గుజ్జు అరిగింది కాబట్టి నడవకూడదని ఎవరో చెప్పారట. అది పొరపాటు. మోకాలిని కాపాడేది తొడ ముందు భాగపు కండరం, నడక మానేస్తే ముందుగా కరిగిపోయేది కూడా అదే. ఆమెను కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టు. ఒక కాలు మెల్లగా నిటారుగా చాచి, పాదాన్ని తనవైపు లాక్కుని, పది లెక్కపెట్టే వరకు నిలపమను. ఆ సమయంలో నీ అరచేతిని మోకాలికి బెత్తెడు పైన తొడ మీద ఉంచు, అక్కడ కండరం రాయిలా బిగుసుకోవాలి. అది మెత్తగా ఉంటే కాలు గాలిలో లేచిందే తప్ప వ్యాయామం జరగలేదని అర్థం. ఒక్కో కాలికి పదిసార్లు చొప్పున రెండు పూటలా చేయించు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉండవచ్చు. మర్నాటికి కూడా నిలిచి ఉంటే సంఖ్య తగ్గించు, అంతేకాని మానిపించకు. ఆరు వారాలు గడవకుండా ఫలితం లేదనవద్దు. ఒంటి బరువు ఒక్క కిలో తగ్గినా అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర వాడవలసి వస్తే, ఎక్కువ నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేత్తో పట్టుకోమను.

రెండోది చేతుల తిమ్మిరి. అర్ధరాత్రి మెలకువ వచ్చి చేతులు విదిలించుకుంటుందని రాశావు కానీ, ఏ వేళ్లకు తిమ్మిరి వస్తుందో రాయలేదు. నాకు కావలసింది అదే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి చిటికెనవేలు బాగుంటే, మణికట్టు దగ్గర ఇరుకు దారిలో నరం నలుగుతోందని దాదాపుగా చెప్పవచ్చు. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి కొన్ని వారాల్లో ఉపశమనం కలుగుతుంది. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించు, ఈ రెండూ తరచుగా దీని వెనుక ఉంటాయి. చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి కింది కండ పల్చబడుతున్నా పట్టీతో కాలయాపన చేయకుండా నరాల పరీక్ష చేయించాలి. తిమ్మిరి చేతులకు కాక రెండు అరికాళ్లకూ మంటలతో వస్తే షుగరు, విటమిన్ బీ12 సంగతి ముందు చూడాలి.

సూదిమందు విషయానికి వస్తే, మా ఊళ్లో వేయించుకున్నవాళ్లు మర్నాడే పొలానికి వెళ్లడం నేనూ చూశాను. అలాంటి సూదుల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. నాలుగు రోజుల హాయి తరువాత నొప్పి తిరిగి వస్తుంది, షుగరు పెరుగుతుంది, పదేపదే వేయిస్తే ఎముకలు పలచబడతాయి. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు నెలల తరబడి కీళ్లు పట్టేసినవాళ్లలో కొందరికి నొప్పి మాత్రలు రోజువారీ అలవాటైపోయాయి. బీపీ ఉన్నవాళ్ల మూత్రపిండాలకు ఆ అలవాటు మరీ చేటు.

నేనేదో అన్నీ పాటించినవాణ్ణని అనుకోకు. నా కుడి భుజం పట్టేసినప్పుడు, రోగులకు వద్దని చెప్పే పనే నేను చేశాను, నొప్పికి భయపడి చేతిని మూడు నెలలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చొక్కా తొడుక్కోవడానికి మీ అత్తయ్య సాయం కావలసి వచ్చింది, చెయ్యి మళ్లీ తల దాటి లేవడానికి ఏడాదిన్నర పట్టింది.

ఒక్క విషయంలో మాత్రం నా ఉత్తరం కోసం ఎదురు చూడకు. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే భాగం మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా, అర్ధరాత్రి అయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. జ్వరంతో ఒకే కీలు ఎర్రగా వాచి వేడెక్కినా అంతే.

ప్రస్తుతానికి, చేతులు ఆనించకుండా ముప్పై సెకన్లలో మీ అమ్మ కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలదో లెక్కపెట్టి, తేదీతో సహా క్యాలెండరు మీద రాసిపెట్టు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను మళ్లీ లెక్కపెడతాను. తిమ్మిరెక్కే వేళ్లేవో ఈలోపు జవాబు రాయి.

మీ మావయ్య