టెక్ సందేహాలు: తెలుగు పాఠాన్ని ఫోన్ చదివి వినిపించాలంటే

ఈ వారం ప్రశ్నలు ఎక్కువగా హైస్కూల్ స్పెషల్ ఎడ్యుకేటర్ల నుంచి, తల్లిదండ్రుల నుంచి వచ్చాయి. డిస్లెక్సియా (అక్షరాలు పోల్చుకుని చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (దృష్టి ఒకచోట నిలవకపోవడం), ఆటిజం ఉన్న పిల్లలకు ఏ యాప్ మంచిదని చాలామంది అడిగారు. యాప్ పేరు వెతికే ముందు పిల్లలు సరిగ్గా ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి. చదవడం దగ్గరా, రాయడం దగ్గరా, అసలు పుస్తకం తెరవడం దగ్గరా? దాన్ని బట్టే ఏం వాడాలో తేలుతుంది.

ప్రశ్న: మా 9వ తరగతి అమ్మాయికి డిస్లెక్సియా ఉంది. ఇంగ్లిష్ పీడీఎఫ్‌లను ఎడ్జ్ బ్రౌజర్ చక్కగా చదివి వినిపిస్తోంది. తెలుగు పాఠం పెడితే మాత్రం అర్థంపర్థం లేని శబ్దాలు వస్తున్నాయి. ఎందుకు? (స్పెషల్ ఎడ్యుకేటర్, హైదరాబాద్)

తప్పు బ్రౌజర్‌ది కాదు టీచర్ గారూ, ఆ పీడీఎఫ్‌ది. ఎడ్జ్‌లో మోహన్, శ్రుతి అనే రెండు మంచి తెలుగు గొంతులున్నాయి. అయితే మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతోనే టైప్ చేశారు. ఆ ఫైల్ తెర మీద తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. గొంతు వాటినే చదువుతుంది. కావాలంటే ఆ పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. పిచ్చి గుర్తులు వస్తే అది యూనికోడ్ (ఏ ఫోన్ అయినా తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదన్నట్టే. ఏమీ కాపీ కాకపోతే అది ఉత్త స్కాన్ బొమ్మ.

రెండింటికీ మందు దాదాపు ఒకటే. అను ఫాంట్ల ఫైల్ అయితే మాత్రం ముందు పేజీలను బొమ్మలుగా మార్చుకోండి, లేకపోతే లోపలి పిచ్చి గుర్తులే మళ్లీ రావచ్చు. ఫైల్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి అసలైన తెలుగు టెక్స్ట్‌గా మార్చి ఇస్తుంది. పుస్తకం మొత్తం ఒకేసారి ఎక్కించకండి, ఒక్కో పాఠం విడగొట్టి చిన్న ఫైళ్లుగా పెడితే ఫలితం బాగుంటుంది. తర్వాత ఒకసారి సరిచూడటం తప్పదు. ముఖ్యంగా వత్తులు, సున్నాలు, పాత ముద్రణలోని అరసున్నాలు చూడండి. ఆ పని అమ్మాయి మీద మాత్రం వేయకండి. చదవడమే కష్టమైన పిల్ల చేత తప్పులు దిద్దించడం అన్యాయం.

ఇక కంటికి కనిపించే తీరు. డిస్లెక్సియా కోసం ప్రత్యేకంగా చేశామని చెప్పే ఇంగ్లిష్ ఫాంట్ల గురించి చాలామంది అడుగుతారు. అవి చదివే వేగాన్ని పెంచుతాయనడానికి పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు, పైగా వాటిలో తెలుగు అక్షరాలే ఉండవు. మనకు కావలసింది వరుసల మధ్య ఖాళీ. తెలుగులో వత్తులు వరుస కిందికి దిగుతాయి, గుడులు, తలకట్లు పైకి లేస్తాయి. వరుసలు ఇరుగ్గా ఉంటే పై వరుసలో ‘రాష్ట్రం’ కింద ఉన్న వత్తులు, కింది వరుసలో ‘కీర్తి’ మీద ఉన్న గుడులు ఒకదానికొకటి తగులుకుంటాయి. అసలే మ, య తేడా, ప, ష తేడా పోల్చుకోవడానికి తంటాలు పడుతున్న పిల్లకు అది ఇంకో భారం. లైన్ స్పేసింగ్ 1.5కు తక్కువ కాకుండా, వీలైతే 2 పెట్టండి. మండలి, నోటో సాన్స్ తెలుగు ఫాంట్లు రెండూ ఉచితమే. రెండింటిలో ఏది సుఖంగా ఉందో అమ్మాయినే చెప్పనివ్వండి. వర్డ్‌లోని ఇమ్మర్సివ్ రీడర్‌లో లైన్ ఫోకస్ ఉంటుంది. ఒకటో మూడో వరుసలే వెలుగులో ఉంచి మిగతా పేజీని మసక చేస్తుంది. ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి జారిపోయే పిల్లలకు ఇది నిజంగా పనికొస్తుంది.

పద్యాలకు మాత్రం మెషీన్ గొంతు వాడొద్దని నా గట్టి అభిప్రాయం. అది ఉత్పలమాలను కూడా వార్తలు చదివినట్టే చదివేస్తుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. మీ తెలుగు మాస్టారి చేత రాగంతో ఒకసారి, పదాలు విడగొట్టి ఇంకోసారి చదివించి ఫోన్‌లో రికార్డ్ చేసి ఇవ్వండి. విని నేర్చుకునే పిల్లలకు పద్యం కంటే సులువైనది ఉండదు, మన పెద్దవాళ్లు నేర్చుకున్నదీ అలాగే.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఏడీహెచ్‌డీ ఉంది. నోట్స్ చూస్తానని ఫోన్ తీసి రీల్స్‌లో పడిపోతాడు. ఫోన్‌కు తాళం వేసే మార్గం చెప్పండి. (ఒక తల్లి, విశాఖపట్నం)

తాళం ఉంది గానీ అమ్మా, అది మీ చేతిలో ఉంటే రోజూ యుద్ధమే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ కింద ఫోకస్ మోడ్ ఉంటుంది. ఎంచుకున్న యాప్‌లను ఆ కాసేపు ఆపేస్తుంది, రోజూ ఫలానా గంటకు దానంతటదే మొదలయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. ఏ యాప్‌లు ఆపాలో మీ అబ్బాయినే ఎంచుకోమనండి.

ఇంకో మాట. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామంది పిల్లలకు చదవడం కంటే మొదలుపెట్టడమే కష్టం. ‘సోషల్ రివిజన్ చెయ్’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. అది బద్ధకం కాదు. గాబ్లిన్ టూల్స్ అనే వెబ్‌సైట్‌లో మ్యాజిక్ టూడూ ఉంది. పెద్ద పని రాస్తే చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చూపిస్తుంది, ఇంకా చిన్నవి కావాలంటే మళ్లీ విడగొడుతుంది. దాన్ని చూసి కాగితం మీద రాసుకుంటే ఫోన్ పక్కన పెట్టేయవచ్చు. రంగు చక్రం తరిగిపోతూ మిగిలిన సమయాన్ని చూపించే టైమర్ ఒకటి బల్ల మీద పెట్టండి. మొదట 10 నిమిషాలు చాలు.

ప్రశ్న: పబ్లిక్ పరీక్ష ల్యాప్‌టాప్‌లో రాయనిస్తారా? మా విద్యార్థికి చేతిరాత బొత్తిగా సాగదు. (స్పెషల్ ఎడ్యుకేటర్, విజయవాడ)

సీబీఎస్ఈ అయితే వీలుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన లోపాలను (డిస్లెక్సియా లాంటివి) గుర్తించింది. ఆ మేరకు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు స్క్రైబ్ (వాళ్లు చెబితే రాసిపెట్టే మనిషి), గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఉంటాయి. కంప్యూటర్ వాడాలంటే దానికి వైద్యుల సిఫారసు కావాలి. ఫార్మాట్ చేసిన సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లాలి, సెంటర్‌లో తనిఖీ చేస్తారు, ఇంటర్నెట్ ఉండదు. అడగడం స్కూల్ ద్వారానే, ముందుగానే. రాష్ట్ర ఎస్‌ఎస్‌సీ బోర్డుల నిబంధనలు వేరు, హెడ్మాస్టర్ ద్వారా కనుక్కోండి.

ఇంటర్నెట్ ఉండదన్నది గుర్తుంచుకోండి. చాలామంది పిల్లలకు నోటితో చెప్పి టైప్ చేయించడం అలవాటు, అది అక్కడ కుదరదు. విండోస్ భాషల సెట్టింగ్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ చేర్చుకోండి. నెట్ లేకుండా పనిచేస్తుంది. ‘ట్ట’, ‘క్ష’ లాంటివి వేళ్లకు అలవాటు కావడానికి నెలలు పడుతుంది కాబట్టి 9వ తరగతిలోనే మొదలుపెట్టించండి.

ప్రశ్న: ఆటిజం ఉన్న అబ్బాయికి స్కూల్లో గోల భరించలేనిదిగా ఉంది. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొనమంటారా? (ఒక తండ్రి, వరంగల్)

ఆగకుండా వచ్చే ఫ్యాన్ హోరు, బస్సు ఇంజిన్ చప్పుడు అవి బాగా తగ్గిస్తాయి. ఉన్నట్టుండి వచ్చే కేకలు, బెల్లు అంతగా ఆపలేవు. వాటికి ఫ్యాక్టరీల్లో పెట్టుకునే ఇయర్ మఫ్స్ నయం. ధర తక్కువ, చార్జింగ్ గొడవ లేదు. తలకు బిగుతుగా ఉండటం కొందరికి నచ్చదు, ముందు ఇంట్లో పెట్టి చూడండి.

ప్రశ్న: పిల్లల అసెస్‌మెంట్ రిపోర్టులు తల్లిదండ్రులు నా వాట్సాప్‌కే పంపుతారు. వాటిని ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి ఐఈపీ (ఆ పిల్లవాడి కోసం విడిగా రాసే విద్యా ప్రణాళిక) రాయించుకోవచ్చా? (స్పెషల్ ఎడ్యుకేటర్, కరీంనగర్)

రిపోర్టు యథాతథంగా ఇవ్వకండి. అందులో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఐక్యూ అంకె, ఇంటి సంగతులు అన్నీ ఉంటాయి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. పేరు, స్కూలు తీసేసి, ‘9వ తరగతి, చదివింది అర్థమవుతుంది, రెండు వాక్యాలు మించి రాయలేకపోతున్నాడు’ అని మీ మాటల్లో రాసి సలహాలు అడగండి. లక్ష్యాలు మాత్రం మీరే రాయాలి, ఆ పిల్లవాడిని చూసింది మీరు.

వాట్సాప్ సంగతి ఈరోజే సరిచేయండి. ఫొటో తీసి పంపిన రిపోర్టులు మీ గ్యాలరీలోకి, అక్కడి నుంచి బ్యాకప్‌లోకి వెళ్లిపోతుంటాయి. ఇంట్లో ఎవరో పెళ్లి ఫొటోలు చూస్తుంటే మధ్యలో ఒక పిల్లవాడి రిపోర్టు కనిపించకూడదు కదా. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్‌లోకి వెళ్లి మీడియా విజిబిలిటీ ఆపేయండి. ఇప్పటికే గ్యాలరీలో చేరినవాటిని స్కూల్ ఇచ్చిన డ్రైవ్ ఖాతాలోకి మార్చి, ఫోన్‌లోంచీ ట్రాష్‌లోంచీ కూడా తీసేయండి.