పెద్ద జాబ్ వెనక చిన్నవి ఇరుక్కుపోతుంటే

భీమవరం బ్రదర్, 2000 కరపత్రాల ప్రింటింగ్ జాబ్ నడుస్తుంటే వెనక శుభలేఖ ప్రూఫులు ఆగిపోతున్నాయన్నారు కదా. కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదండి. విండోస్‌లో అదే ప్రింటర్‌ని అదే పోర్టుకు 'అర్జెంట్', 'మామూలు' అని రెండు పేర్లతో పెట్టుకోండి. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కెళ్లి మొదటిదానికి ప్రయారిటీ 99, రెండోదానికి 1 ఇవ్వండి. ప్రూఫులు 'అర్జెంట్'కి, కరపత్రాలు 'మామూలు'కి పంపితే ప్రూఫులే ముందొస్తాయి. అప్పటికే మిషన్‌లోకి వెళ్లిన జాబ్‌ని మాత్రం ఇది ఆపలేదు. అందుకే కరపత్రాలను 200 చొప్పున విడగొట్టి పంపండి. మా అమలాపురం షాపులో మాఘమాసం ముహూర్తాలన్నీ ఇలాగే గట్టెక్కించాం.

జేడీఎఫ్ (జాబ్ డెఫినిషన్ ఫార్మాట్) పెట్టుకుంటే ఎలా ఉంటుందంటారా, అది 2001లో వచ్చిన జాబ్ టికెట్ పద్ధతి, అంటే పని వివరాల చీటీ లాంటిది. కాగితం, కటింగ్, బైండింగ్ వివరాలు ఎక్స్‌ఎంఎల్ (కంప్యూటర్లు చదువుకునే టెక్స్ట్ ఫార్మాట్) రూపంలో నేరుగా మిషన్లకే చేరతాయి. ఒక్క డిజిటల్ ప్రింటర్, చేత్తో తిప్పే కటింగ్ మిషన్ ఉన్న మనలాంటివాళ్లకు దండగ.