అమ్మలూ, ఆ స్టీరింగ్ ఊడదీయకు

అమ్మలూ,

సెకండ్ హ్యాండ్ కారు కొన్నావని మీ నాన్న చెప్పినప్పుడు సంతోషమేసింది. దాని స్టీరింగ్ వంకరగా ఉందని, ఆదివారం సెల్లార్‌లో నువ్వే ఊడదీసి తిన్నగా పెట్టేస్తానన్నావని చెప్పేసరికి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు ఆటోనగర్‌లో షెడ్డు నడిపాను, మనింట్లో మగపిల్లలొక్కరూ స్పానర్ ముట్టుకోలేదు. నువ్వు ముట్టుకుంటానన్నావు. మీ పెద్దమ్మకి ఈపాటికి నాలుగుసార్లు చెప్పుకున్నాను. అయినా తిట్టక తప్పదు. ఆ చక్రం జోలికి పోకు.

తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగ్ ఎడమకి వాలి ఉంటోంది. ఎడమ ఇండికేటర్ మలుపు తిరిగాక దానంతటది ఆగడం లేదు, కుడిది బండి తిన్నబడకముందే పడిపోతోంది. ఇవేగా నీ కంప్లైంట్లు? నువ్వు రెండు రోగాలనుకుంటున్నావు, నాకు ఒకటే కనిపిస్తోంది. ఇండికేటర్ కాడని వెనక్కి పడేసే పన్ను చక్రంతో పాటే తిరుగుతుంది. చక్రం ఎడమకి వాలి ఆగిపోతుంటే, ఎడమ మలుపు నుంచి వెనక్కొచ్చేటప్పుడు ఆ పన్ను కాడ దాకా రాదు. కుడి మలుపులో తొందరగా వచ్చి తగులుతుంది. కాబట్టి కాంబినేషన్ స్విచ్, అంటే స్టీరింగ్ కింద ఇండికేటర్ కాడ ఉండే స్విచ్ మార్చాలని ఎవరైనా అంటే అప్పుడే డబ్బులు తీయకు.

చక్రం ఎందుకు ఊడదీయొద్దంటున్నానో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఒకాయన అచ్చం నీలాంటి కంప్లైంట్‌తోనే వేరే షెడ్డుకి వెళ్లాడు. స్టీరింగ్ తిప్పితే ముందు టైర్లని తిప్పే కడ్డీలుంటాయి, వాటిని టై రాడ్లంటారు. అక్కడి మెకానిక్ వాటి వంక చూడనే లేదు. నట్టు విప్పి, చక్రాన్ని లాగి, అది కూర్చునే కడ్డీ మీది గాట్లలో రెండు పళ్లు జరిపి మళ్లీ బిగించాడు. అరగంట పని. చక్రం తిన్నగా కనబడింది, ఆయన సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లాడు. ఆ చక్రం కింద క్లాక్ స్ప్రింగ్ అని ఒకటుంటుంది. టైలరు టేపులా చుట్టుకున్న సన్నటి రిబ్బను, ఎయిర్‌బ్యాగ్‌కీ హార్న్‌కీ కరెంటు దాంట్లోంచే పోతుంది. చక్రం బయట ఉన్నప్పుడు దాన్ని కదపకూడదు. ఆ మెకానిక్ కదిపాడు. పైగా చక్రాన్ని బలవంతంగా కూర్చోబెట్టడంలో ఇండికేటర్‌ని పడేసే ప్లాస్టిక్ పన్ను విరిగింది. యూ టర్న్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి రిబ్బను తెగింది. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. ఆయన తిరిగి తీసుకెళ్తే ఆ మహానుభావుడు ఆ లైటు బల్బు పీకేసి పంపాడు!

అదే బండిలో ఆయన పిల్లల్ని ఎక్కించుకుని శ్రీశైలం వెళ్లాడు. ఘాట్‌లో ఎడమ మలుపు దాటాక ఇండికేటర్ ఆగలేదు, ఆయన చూసుకోలేదు. ఎడమది కొట్టుకుంటుంటే వెనక బస్సువాడు ఏమనుకుంటాడు? సైడ్ ఇచ్చాడనుకుని పక్కకి వచ్చేశాడు. ఎదురుగా మలుపులోంచి జీపు. ఈయన హార్న్ నొక్కితే చప్పుడే లేదు. అందరూ బతికారు, అద్దాలూ డోర్లూ పోయాయి. బండి నా షెడ్డుకొచ్చాక నేను చక్రం తీస్తే తెగిన రిబ్బను ముక్క చేతికొచ్చింది. వెనక సీట్లో పాల సీసా ఇంకా అలాగే ఉంది. ఇండికేటర్ ఆగకుండా కొట్టుకునే బండి ఇప్పటికీ రోడ్డు మీద ఎక్కడ కనబడినా పక్కకెళ్లి అద్దం దింపించి చెప్తాను. మీ పెద్దమ్మ విసుక్కుంటుంది.

సరే, నువ్వు చేయాల్సింది రాస్తాను. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నంత గాలి పెట్టించు. తర్వాత ఖాళీ రోడ్డు మీద, మెల్లగా వెళ్తూ, చేతులు వదులు చేసి చూడు. బండి తిన్నగా పోతూ చక్రం మాత్రమే వంకరగా ఉండడం వేరు, బండే ఒక పక్కకి లాగడం వేరు. మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచుకి వాలుగా ఉంటాయి, కొంచెం ఎడమకి జారితే కంగారు పడకు. బాగా లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చు, లాగుడు వైపు మారితే తప్పు టైరుది. మారకపోతే బ్రేక్ పట్టేస్తోందేమో చూడాలి.

ఇండికేటర్ మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. ఒక వైపు మాత్రం హడావిడిగా కొట్టుకుంటే ఆ వైపు బల్బు పోయినట్టే, 21 వాట్లది వేయి. ఎల్‌ఈడీలు పెట్టినా అంతే హడావిడి చేస్తుంది. మసగ్గా వెలిగితే ఎర్త్ సరిగా లేదన్నమాట, హోల్డర్ తుప్పు గీకు.

ఇక అసలు పరీక్ష. ఇంజన్ ఆన్‌లో పెట్టి స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టు. చివర్లో బిగబట్టి ఉంచకు. అందులో సగం వెనక్కి తిప్పి ఆపు. అక్కడ చక్రం తిన్నగా ఉంటే ఎవరూ దాన్ని ఊడదీయలేదు, తేడా టై రాడ్లలో ఉంది. వంకరగా ఉంటే నీకంటే ముందే ఎవడో చెయ్యి పెట్టాడు. టై రాడ్ చివర లాక్ నట్ బయట రెండు వైపులా ఎన్ని మరలు కనిపిస్తున్నాయో కూడా చూడు. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటే అలైన్‌మెంట్ కుర్రాడు ఒక పక్కే తిప్పి చేతులు దులుపుకున్నాడని అర్థం. వంగి చూడు చాలు. జాకీ ఒక్కటే పెట్టి బండి కింద దూరావని తెలిస్తే అక్కడికొచ్చి కొడతాను.

తేడా టై రాడ్లలోనే అయితే అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లు. చక్రాన్ని తిన్నగా పెట్టి, కదలకుండా క్లాంప్ బిగించాకే టై రాడ్లు తిప్పమను. ఒకటి ఎంత పొడవైతే రెండోది అంత పొట్టి కావాలి. తిప్పేటప్పుడు టై రాడ్ మీద తొడుగులా ఉండే రబ్బరు బూటు మెలిపడకుండా దాని క్లిప్పు వదులు చేయమను. దగ్గరే నిలబడు, ఆడపిల్లవని పక్కన కూర్చోమంటే కూర్చోకు. ముందు టైర్లు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో దాన్ని టో అంటారు. ఎడమ టో, కుడి టో విడివిడిగా ఉన్న కాగితం అడిగి తీసుకో.

చక్రం ముందే ఎవరో జరిపారని తేలితే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, వస్తాను. బ్యాటరీ మైనస్ వైరు తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి, ఇద్దరం కలిసి తీద్దాం.

నా పాత టూల్ పెట్టె మీ నాన్నతో పంపుతున్నాను. నీ బండి స్టీరింగ్ నట్టుకి పట్టే సాకెట్ కావాలనే తీసి నా దగ్గర పెట్టుకున్నాను. కొత్తది కొనకు.

మీ పెదనాన్న