నీ దీవిలో ఎన్ని ఎకరాలు పండుతాయి?

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. తెల్లవారుజామున రేవులో ఓడలు కదిలే ఘట్టాన్ని రెండుసార్లు చదువుకున్నాను. రాజు తమ్ముడి పాత్ర నన్ను వదలడం లేదు. రెండో అధ్యాయంలో మాత్రం ఒకచోట ఆగిపోయాను. పొరుగు రాజ్యం దూతతో మంత్రి అంటాడు కదా, మా దీవిలో 60 లక్షల జనం, లక్ష సైన్యం, 500 యుద్ధనౌకలు ఉన్నాయని. ఈ అంకెలు నీకు ఎక్కడి నుంచి వచ్చాయి?

చెవికి ఘనంగా ఉన్నాయని రాసి ఉంటావు. నేనూ అలాగే రాసేవాణ్ణి. నా మొదటి నవలలో ఒక కోట ముట్టడిని ఎనిమిది నెలలు నడిపాను. వ్యవసాయం చేసే ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: "మరి ఆ ఏడు నాట్లు ఎవరు వేశారండీ?" నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ రాజ్యాన్ని కల్పించినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను. నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా కోరిక. జనాభా, సంపద, బలం అని మూడు వేరువేరు అంకెలు ఊహించకు. మూడూ ఒకే పొలంలోంచి వస్తాయి.

కాగితం తీసుకో. నీ దీవి పొడవు 120 కిలోమీటర్లు, వెడల్పు 50 అని రాశావు. దీవి పలకలాగా చదరంగా ఉండదు కాబట్టి వైశాల్యం 4,000 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. నడుమంతా కొండలు, అడవి అని నువ్వే చెప్పావు. మూడో వంతు సాగుకు పనికొస్తే సుమారు 3,20,000 ఎకరాలు. అందులో సగం మాగాణి, సగం మెట్ట. ఎరువుల ఫ్యాక్టరీలు లేని కాలం కాబట్టి ఎకరానికి 600 కిలోల వడ్లు పండాయనుకో. దంచితే 400 కిలోల బియ్యం. విత్తనానికి తీసిపెట్టి, ఎలుకలు తిన్నది, తడిసి పాడైనది పోతే 300 కిలోలు మిగులుతాయి. మనిషికి ఏడాదికి 200 కిలోల గింజలైనా కావాలి. అంటే మాగాణి ఎకరం ఒకటిన్నర మందిని పోషిస్తుంది: 2,40,000 మంది. మెట్టలో రెండెకరాలకు ఒకరు: ఇంకో 80,000. చేపలు, దుంపలు, కొబ్బరి కలుపుకుని ఉదారంగా లెక్కేసినా 4 లక్షలు.

60 లక్షలు ఎక్కడ, 4 లక్షలు ఎక్కడ! నీ అంకె ప్రకారం చదరపు కిలోమీటరుకు 1,500 మంది ఉండాలి. భూమ్మీద అత్యంత కిక్కిరిసిన పెద్ద దీవుల్లో ఒకటైన జావాలో, ఇవాళ్టి ఎరువులతో, ఇవాళ్టి నగరాలతో కలిపి కూడా అంత సాంద్రత లేదు.

వైశాల్యాన్ని మాత్రమే చూసి జనాన్ని లెక్కకట్టడం కూడా కుదరదు. ఐస్‌లాండ్ విస్తీర్ణం లక్ష చదరపు కిలోమీటర్లు దాటుతుంది. 1703లో అక్కడ పేరుపేరునా జనాన్ని లెక్కపెడితే తేలింది 50,358 మంది. జావా దానికంటే కొంచెమే పెద్దది. రెండూ అగ్నిపర్వతాల దీవులే. ఒకచోట ఆ మట్టి మీద వాన, ఎండ కలిసి వరి పండించాయి. రెండోచోట చలికి గడ్డి తప్ప పెద్దగా ఏమీ మొలవలేదు. ఆ గడ్డి కూడా నమ్మకం కాదు. 1783లో లాకీ అగ్నిపర్వతం పగిలి విషవాయువులు గడ్డి మీద పేరుకున్నాయి. గొర్రెలు, పశువులు చచ్చిపోయాయి, ఆ వెనకే కరువు వచ్చింది. జనంలో సుమారు ఐదో వంతు పోయారు. జనాభా అంకె పక్కన ఏ సంవత్సరమో కూడా రాసుకోమనేది ఇందుకే. నీ రాజు తాతల కాలంలో ఒక కరువు వచ్చి ఉంటే, కథ మొదలయ్యేనాటికి పాడుబడ్డ ఊళ్ళు, దున్నేవాళ్ళు లేని పొలాలు ఉంటాయి. అవి ఇప్పుడు నీ అధ్యాయాల్లో ఎక్కడా లేవు.

ఇక సంపద. ఖజానాలో బంగారం ఎంతుందో నాకు చెప్పకు, ధాన్యం ఎంతుందో చెప్పు. జపాన్‌ను తోకుగవా వంశం ఏలిన కాలంలో ప్రభువుల సంపదను కోకు అనే కొలతలో లెక్కించేవారు. ఒక కోకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, దాదాపు ఒక మనిషి ఏడాది తిండి. కనీసం 10,000 కోకులు పండే భూమి ఉంటేనే దైమ్యో, అంటే పెద్ద ప్రభువు, అనిపించుకునేవాడు. ఈ కొలత నాకు చాలా ఇష్టం. ఒక ప్రభువు ఎంత ధనవంతుడో, ఎంతమందిని పోషించగలడో ఒకే మాటలో తెలిసిపోతుంది. నీ దీవిలో నూటికి 80 మంది సాగులోనే ఉంటే, మిగతా 80,000 మందిలోనే జాలర్లు, కమ్మరులు, వర్తకులు, పూజారులు, సైనికులు, అంతఃపురం అందరూ సర్దుకోవాలి. రాజధానికి 25,000 మంది ఉంటే అది మహానగరమే.

సైన్యం సంగతి ఇప్పుడు నీకే అర్థమై ఉంటుంది. 4 లక్షల్లో ఆయుధం పట్టగల మగవాళ్ళు లక్ష మంది. లక్ష సైన్యం అంటే పొలంలో ఒక్కడూ మిగలడు. ఎప్పుడూ జీతం మీద ఉండేవాళ్ళు 4,000, కోతలు అయ్యాక కొన్ని వారాలకు పిలవగలిగేవాళ్ళు 20,000 అనుకో. ఓడలైతే మరీ కష్టం. ప్రాచీన గ్రీకుల ట్రైరీమ్ అనే యుద్ధనౌకలో తెడ్లు వేసేవాళ్ళే 170 మంది, మొత్తం 200. ఆ లెక్కన 500 ఓడలకు మళ్ళీ లక్ష మంది కావాలి. నీకు 40 ఓడలు చాలు. 40 ఓడల్లో ఒకటి మునిగితే పాఠకుడి గుండె ఝల్లుమంటుంది. 500లో ఒకటి మునిగితే పేజీ తిప్పేస్తాడు.

డబ్బుంటే బలం ఉన్నట్టే అనుకోకు. క్రీస్తుపూర్వం 483లో గ్రీసులోని ఏథెన్సు దగ్గర లారియన్ గనుల్లో వెండి దండిగా దొరికితే, దాన్ని పంచుకోకుండా ఓడలు కట్టుకుందామని అక్కడి నాయకుడు థెమిస్టొక్లీస్ ఏథెన్సు వాళ్ళను ఒప్పించాడు. అక్కడ వెండి బలంగా మారింది. ఇప్పటి ఇండోనేషియాలోని బండా దీవులది మరో కథ. ఒకప్పుడు ప్రపంచానికంతా జాజికాయ అక్కడి నుంచే వెళ్ళేది. తిండి మాత్రం పక్క దీవుల నుంచి కొనుక్కునేవారు. 1621లో డచ్చి ఈస్టిండియా కంపెనీ దండెత్తింది. సుమారు 15,000 మంది జనంలో ఎక్కువమంది చనిపోయారు, పారిపోయారు, లేదా బానిసలయ్యారు. ఆ దీవుల సంగతి చదివిన రోజు నేనేమీ రాయలేకపోయాను. నీ దీవిలో అగరు చెట్లున్నాయి. వాటికోసం ఎవరెవరు ఎంత దూరం నుంచి వస్తారో, వాళ్ళను ఆపడానికి నీవాళ్ళ దగ్గర ఏముందో ఇంకా ఆలోచించినట్టు లేదు.

మంచినీళ్ళ గురించి ఎక్కువ చెప్పను, నీ మ్యాప్‌లో నదులున్నాయి.

ఈ లెక్కంతా నవలలో పెట్టొద్దు. పాత్రలకు నిజమైన అంకె తెలియనక్కర్లేదు. 1721లో జపాన్ ప్రభుత్వం జనాన్ని లెక్కపెట్టించినప్పుడు 2.6 కోట్లు తేలింది, కానీ అందులో సమురాయ్‌లు లేరు. ప్రభుత్వాలు లెక్కపెట్టేది తమకు కావలసినవాళ్ళనే. నీ దీవిలో పన్ను తప్పించుకోడానికి కొండల్లోకి వెళ్ళిపోయిన కుటుంబాలు ఏ కవిలెలో ఉన్నాయి? మంత్రి చేత 4 లక్షలకు బదులు 8 లక్షలని చెప్పించు. అబద్ధమని అతనికి తెలుసు, నీకూ తెలుసు. ఆ రాత్రి దూత రేవులో నిలబడి, ఎన్ని పొయ్యిల పొగ లేస్తోందో లెక్కపెట్టనీ.

నాలుగో అధ్యాయం మొదలుపెట్టే ముందు ఒక్క పని చెయ్యి. నాట్లు ఏ నెలలో, కోతలు ఏ నెలలో, సముద్రం మీద గాలి ఎప్పుడు తిరుగుతుందో ఒక కాగితం మీద రాసి, యుద్ధం మొదలైన నెలను దాని పక్కన పెట్టి నాకు పంపు. రాజు తమ్ముడు ఏ గాలికి ఓడెక్కాడో చూడాలని ఉంది.

ప్రేమతో,
మీ అన్నయ్య