బ్రోచర్‌లో అట్లాంటిస్, బస దేరాలో: కేసు ఎక్కడ వెయ్యాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. పిల్లల సెలవులకి నలుగురం దుబాయ్ వెళ్ళొచ్చాం. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర 5 రాత్రుల ప్యాకేజీ తీసుకున్నాం. 4,60,000 రూపాయలు, టీసీఎస్ (అమ్మేవాళ్ళే వసూలు చేసే పన్ను) అని పైన ఇంకో 23,000 కట్టాం. 2 రాత్రులు అట్లాంటిస్ ది పామ్ అనే పెద్ద లగ్జరీ హోటల్లో బస, అక్వావెంచర్ వాటర్ పార్క్ ఫ్రీ అన్నారు. తీరా వెళ్ళాక 5 రాత్రులూ దుబాయ్ పాత బస్తీ దేరాలో ఒక త్రీ స్టార్ హోటల్లోనే పెట్టారు, పార్కుకి మాత్రం ఒక్కరోజు టికెట్లు ఇచ్చారు. అడిగితే "బ్రోచర్‌లో ఆర్ సిమిలర్ అని ఉంది కదా, మిగతాది దుబాయ్ వాళ్ళతో చూసుకోండి" అంటున్నారు. లక్ష రూపాయలు క్యాష్‌గా ఇచ్చాను, దానికి రసీదు లేదు. ఎత్తు చాలదని మా పాపని పెద్ద స్లైడ్లు ఎక్కనివ్వలేదు, ఒకటే ఏడుపు. 420 కేసు పెట్టొచ్చా? దుబాయ్‌లో వెయ్యాలా? రివ్యూ తీసేస్తే 40,000 ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: దుబాయ్ కాదు కదా, హైదరాబాద్ కూడా వెళ్ళక్కర్లేదు. కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదు చేసే మనిషి ఎక్కడ ఉంటే అక్కడే కేసు వేసుకోవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. బిల్లు వెనక సన్నక్షరాల్లో "హైదరాబాద్ కోర్టుల పరిధి మాత్రమే" అని ఉంటుంది, చూసి కంగారుపడకండి, చట్టం ఇచ్చిన హక్కుని ఆ ఒక్క లైను తీసెయ్యలేదు. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి కమిషన్ ఫీజు కూడా లేదు.

దుబాయ్ వాళ్ళ సంగతి వదిలెయ్యండి. మీరు డబ్బు ఇచ్చింది హైదరాబాద్ ఏజెంటుకి, మాట ఇచ్చింది ఆయన. అక్కడ ఆయన ఎవరితో పని చేయించుకున్నారో అది వాళ్ళిద్దరి లెక్క, దాన్ని మీ నెత్తిన రుద్దడం కుదరదు.

ఇక ఆ "ఆర్ సిమిలర్". టూర్ల వ్యాపారంలో ఈ రెండు మాటల వెనక దాక్కోని వాళ్ళు తక్కువ. అనుకున్న హోటల్లో గది దొరక్కపోతే అదే స్థాయి హోటల్ ఇస్తామని దాని అర్థం, చవక హోటల్లో పడేస్తామని కాదు. అట్లాంటిస్ ఉన్నది పామ్ జుమేరా అనే కృత్రిమ ద్వీపం కొసన, సముద్రం ఒడ్డున. మీరున్న దేరా అక్కడికి 30 కిలోమీటర్ల పైనే. పైగా ఆ హోటల్లో దిగినవాళ్ళకి అక్వావెంచర్, లాస్ట్ చాంబర్స్ అక్వేరియం రెండూ బసతోనే వస్తాయి. మీ చేతికొచ్చింది పార్కుకి ఒక్కరోజు టికెట్. అక్వేరియం మీరు విడిగా డబ్బు కట్టి చూసి ఉంటే ఆ రసీదు పారెయ్యకండి, అది కూడా క్లెయిమ్‌లోకే.

మీరు పంపిన బ్రోచర్ ఫొటో చూశాను. మంచం, పక్కన అద్దం గోడ, అద్దం వెనక చేపలు. అది ఆ హోటల్లోని నీటి అడుగు సూట్. లక్షల లీటర్ల అక్వేరియంలోకి కిటికీ తెరుచుకునే అలాంటి గదులు అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. నలుగురికి విమాన టికెట్లు, వీసాలతో కలిపి మీరు కట్టిన డబ్బుకి, మాట నిలబెట్టుకున్నా ఆ గది రాదు. రాని గది బొమ్మ వేసి అమ్మడం తప్పుదోవ పట్టించే ప్రకటనే, అదే చట్టం సెక్షన్ 2(28). బస ఇవ్వకపోవడం సేవాలోపం. ఫిర్యాదులో రెండూ విడివిడిగా రాయండి, కలిపేస్తే మొదటిది మరుగున పడిపోతుంది.

క్యాష్ లక్షకి రసీదు లేదని టెన్షన్ పడుతున్నారు. మీకు తెలియకుండానే మీ దగ్గర ఒక సాక్ష్యం ఉంది, అదే ఆ టీసీఎస్. విదేశీ ప్యాకేజీ అమ్మినవాళ్ళు పన్ను వసూలు చేసి, మీ పాన్ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖకి జమచెయ్యాలి. 23,000 అంటే 4,60,000 మీద సరిగ్గా 5 శాతం. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లోకి వెళ్ళి ఫామ్ 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక) డౌన్‌లోడ్ చెయ్యండి. అందులో వసూలు చేసినవాళ్ళ పేరు, మీరు కట్టిన మొత్తం, పట్టుకున్న పన్ను పక్కపక్కనే ఉంటాయి. అక్కడ 4,60,000 కనబడితే క్యాష్ సంగతి ఏజెంటే ఒప్పుకున్నట్టు. 3,60,000 కనబడినా, అసలేమీ కనబడకపోయినా నష్టం లేదు, మరి నా దగ్గర 23,000 ఏ లెక్కన తీసుకున్నారని కమిషన్ ముందే అడగొచ్చు. జమ అయి ఉంటే మాత్రం ఆ డబ్బు మీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు, లేదా రీఫండ్ తీసుకోవచ్చు. చాలామంది ఈ డబ్బు మర్చిపోతారు.

420 అని జనం ఇంకా అంటున్నారు గానీ 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318. మోసం అని నిలబడాలంటే డబ్బు తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి, లేకపోతే స్టేషన్లో "ఇది సివిల్ మ్యాటర్ సార్" అని పంపించేస్తారు. అందుకని ముందు అట్లాంటిస్ రిజర్వేషన్ విభాగానికి మీ మెయిల్ నుంచే రాయండి: పాస్‌పోర్టులో ఉన్న నా పేరు మీద ఫలానా తేదీలకి బుకింగ్ ఎప్పుడైనా పడిందా అని. అసలు పడనే లేదని జవాబు వస్తే క్రిమినల్ ఫిర్యాదుకి బలం వస్తుంది, వినియోగదారుల కేసుకి ఇంకా ఎక్కువ.

పాప విషయం. ఏడ్చిందంటే బాధే, కానీ అది ఫిర్యాదులో పెట్టకండి. సొరచేపల మడుగులోంచి గొట్టంలో జారే లీప్ ఆఫ్ ఫెయిత్ లాంటి స్లైడ్లకి కనీసం 1.2 మీటర్ల ఎత్తు ఉండాలి, అది భద్రతా నియమం. మీరు అదే హోటల్లో దిగినా ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇలాంటి ఒక్క డొల్ల పాయింట్ ఉంటే చాలు, అవతలి లాయర్ మిగతావన్నీ వదిలేసి దాన్నే పట్టుకుని వాదిస్తాడు.

ఎంత అడగాలంటే, రెండు రాత్రుల అట్లాంటిస్ గది రేటుకీ మీకిచ్చిన హోటల్ రేటుకీ తేడా, అదే సీజన్ రేట్ల స్క్రీన్‌షాట్లతో. దాని మీద మానసిక వేదనకి ఒక సబబైన మొత్తం, ఖర్చులు. మొన్న ఒకాయన 3 లక్షల టూరుకి 25 లక్షలు వేదన రాసుకొచ్చారు, ఆ పేజీ నేనే చింపేశాను. కేసు వెయ్యడానికి గడువు 2 ఏళ్ళు. ముందు స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు ఇవ్వండి, తప్పనిసరి కాదు గానీ సగం కేసులు అక్కడే తెగుతాయి. వాట్సాప్ చాట్ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వెయ్యొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక అవతలివాళ్ళు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చెయ్యాలి. తీర్పు 3 నెలల్లో రావాలని చట్టంలో ఉంది. అంతకంటే ఎక్కువ పడుతుందనే అనుకోండి.

40,000 తీసుకోవడం తీసుకోకపోవడం మీ ఇష్టం. కానీ వాళ్ళు పెట్టే కాగితం మీద "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఉంటే మాత్రం సంతకం చెయ్యకండి, చేస్తే మిగతా డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. తీసుకోవాలనే అనుకుంటే బ్యాంకు ఖాతాలోకి వేయించుకుని, "పాక్షికంగా ముట్టింది, మిగతా హక్కులు అలాగే ఉన్నాయి" అని అదే రోజు వాళ్ళకి మెయిల్ కొట్టండి. రివ్యూ సంగతి ఆ తర్వాత చూద్దాం.