డైనమో మొత్తం మార్చాలా, రిపేర్ సరిపోతుందా?

కొత్త బ్యాటరీ వేయించినా పొద్దున సెల్ఫ్ తిరగట్లేదు, బ్యాటరీ లైటు వెలిగి ఆరుతోంది, షెడ్డులో డైనమో (ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) మొత్తం మార్చాలంటున్నారు, ఇదేగా మీ సమస్య. వెంటనే సరే అనకండి. ముందు బెల్టు వదులుగా ఉందేమో చూసి, ఒక మామూలు మల్టీమీటర్ తెచ్చుకోండి.

బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ దగ్గర 12.6 ఓల్టులు ఉంటే ఛార్జ్ నిండుగా ఉన్నట్టే. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్యకు రావాలి. అప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ వేసి కొంచెం రేజ్ చేయండి, 13 కిందికి జారితే ఛార్జింగ్ చాలట్లేదు, 15 దాటితే మాత్రం ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీదే అనుమానం. (కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఓల్టేజీని తగ్గించి పెంచుతుంది, ఒక్క రీడింగ్‌తో తేల్చేయొద్దు.) ఇంజన్ నడుస్తుండగానే మీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) ఓల్టుల్లోకి తిప్పి చూడండి, అర ఓల్టు దాటిందంటే డైనమోలో ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్ పోయి ఉండొచ్చు. డయోడ్ లీకైతే బండి ఆపాక కూడా కరెంటు కారుతూనే ఉంటుంది, తెల్లారేసరికి కొత్త బ్యాటరీ అయినా డౌనే.

మా పాత కారుకూ ఇదే గోల. వానలో హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో వైపర్లు, లైట్లు, ఏసీ అన్నీ వేసుకుని ఐడిల్‌లో నిలబడితే లైట్లు డల్ అయ్యేవి. ఒకచోట కొత్తదే వేయాలన్నారు. నేను రాణీగంజ్ వైపు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను, పెద్దాయన, మాటలు తక్కువ. డైనమో విప్పి నా ముందే పెట్టాడు. ఒక కార్బన్ (తిరిగే రింగులకు ఆనుకుని కరెంటు అందించే బ్రష్) అరిగి బియ్యపు గింజంత మిగిలింది, స్ప్రింగ్‌కు ఇక నొక్కే బలం లేదు, స్లిప్ రింగు నల్లగా మాడినట్టుంది. రెండు రింగుల మధ్య మీటర్ పెడితే 3 ఓమ్‌ల దగ్గర చూపించింది, రింగు నుంచి బాడీకి కంటిన్యూటీ (కరెంటు పారే దారి) లేదు, అంటే రోటర్ (లోపల తిరిగే కాయిల్) బాగానే ఉన్నట్టు. కార్బన్లు, బేరింగులు మార్చి, రింగులను సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్దాడు, అంతే. కొత్తదాని ధరతో పోలిస్తే బిల్లు చాలా తక్కువ.

స్టేటర్ (కదలకుండా ఉండే కాయిల్) వైండింగ్ కాలి నల్లబడినా, రోటర్ ఓపెన్ అయినా (లోపల తీగ తెగినా) అప్పుడు మార్చడమే నయం. రీవైండింగ్ చేసేవాళ్లు ఉన్నారు గానీ, పని నాణ్యత మనిషిని బట్టి మారుతుంది, నాకైతే నమ్మకం తక్కువ. ఏం మార్చినా పాత సామాను అడిగి చూడండి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో ఓకే అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ బండికి అది అస్సలు చేయనివ్వకండి, ఒక్కసారిగా ఓల్టేజీ ఎగిరి ఈసీయూ (బండి కంప్యూటర్), డయోడ్లు పోవచ్చు. డైనమో విప్పేముందు మాత్రం ఇంజన్ ఆపి మైనస్ టెర్మినల్ తీయించండి, వెనకున్న పెద్ద బోల్టుకు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పులే. మీ రీడింగులు, బండి మోడల్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.