సైనిక బడ్జెట్‌లో కోత పడితే ముందు తెగేది పర్యావరణ పద్దే

"సైనిక బడ్జెట్లు తగ్గిస్తే పర్యావరణానికి మంచిదే కదా? విమానాలు తక్కువ ఎగురుతాయి, ఇంధనం మిగులుతుంది, స్థావరాలు మూతపడి ఆ భూములు అడవులవుతాయి. మరి దీనివల్ల పర్యావరణానికి నష్టమని కొందరు ఎందుకంటారు?" అని అడిగారు.

ఆ కొందరిలో నేనూ ఒకణ్ని. అలాగని సైన్యాలకు ఇంకా డబ్బు పోయాలని నేను అనడం లేదు. 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యం మీద పెట్టిన ఖర్చు దాదాపు 2.7 లక్షల కోట్ల డాలర్లని, సైనిక ఖర్చుల మీద పరిశోధన చేసే సిప్రి సంస్థ లెక్క. అందులో సగం తగ్గినా నాకు సంతోషమే. కానీ కోత ఎక్కడ పడుతుందో చూడాలి. యుద్ధ విమానం వెనక ఫ్యాక్టరీలుంటాయి, వాటిలో ఉద్యోగాలుంటాయి, ఆ ఉద్యోగాల వెనక ఓట్లుంటాయి. ఒప్పందం రద్దు చేస్తే పరిహారం కట్టాలి. అదే నేలను, నీటిని శుభ్రం చేసే పద్దుకైతే వెనక ఎవరూ ఉండరు. అందుకే కత్తెర అక్కడే పడుతుంది. ఇది పుస్తకాల్లో చదివి చెప్తున్నది కాదు, ఆ పద్దు మీద బతికినవాణ్ని.

అమెరికాలో మూసేసిన ఒక వైమానిక స్థావరంలో భూగర్భ జలాలను శుభ్రం చేసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. పేరు అనవసరం, అలాంటివి అక్కడ చాలా ఉన్నాయి. ఇంజిన్ భాగాలకు పట్టిన గ్రీజు వదలగొట్టడానికి అక్కడ దశాబ్దాల పాటు టీసీఈ అనే ద్రావకం వాడారు. వాడేశాక గుంటల్లో పారబోశారు. టీసీఈ నీటికంటే బరువు. ఇసుక పొరల్లోంచి కిందికి దిగిపోయి, బంకమట్టి పొర అడ్డు తగిలిన చోట ఆగుతుంది. అక్కడే ఉండి కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూ పోతుంది. అది పూర్తిగా కరిగిపోవడానికి ఒక తరం కూడా చాలదు. క్యాన్సర్ తెచ్చే రసాయనం కాబట్టి తాగునీటిలో దానికి అక్కడ పెట్టిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములే.

మా పని ఆ నీటిని బావుల్లోంచి పంపులతో తోడి, శుద్ధి చేసి వదలడం. శుద్ధి సంగతి అలా ఉంచండి, ఆ పంపులు చేసే అసలు పని వేరే. కలుషిత నీరు కంచె దాటి ఊళ్లోకి పోకుండా తమ వైపు లాగి పట్టి ఉంచుతాయి. పంపు ఆగిందంటే కింద నీరు దాని వాలు ప్రకారం కదిలి పోతూనే ఉంటుంది.

2013 మార్చిలో అక్కడ ఆటోమేటిక్ కోతలు వచ్చాయి. పార్టీలు ఒక ఒప్పందానికి రాలేకపోతే చాలా పద్దులు వాటంతటవే తగ్గిపోయేలా 2011లో ఒక చట్టం చేసుకున్నారు, అది అమల్లోకి వచ్చింది. రాజధానిలో జరిగిన ఆ గొడవ మా దగ్గరికి రెండు చిన్న ఈమెయిళ్లుగా వచ్చింది. మూడు నెలలకోసారి తీసే నమూనాలు ఇకనుంచి ఏడాదికోసారి చాలు. కంచె దగ్గర మోటారు కాలిపోయిన పంపును ప్రస్తుతానికి అలాగే ఉంచండి.

కంచెకూ అవతలి ఇళ్లకూ మధ్య ఒక పరిశీలన బావి ఉండేది. కాపలా బావి అనేవాళ్లం. అంతకుముందు అందులోని నీటిలో టీసీఈ ఎప్పుడూ కనిపించలేదు. ఏడాదికోసారి వచ్చే ఆ ఒక్క రౌండ్‌కి మేం దాని దగ్గరికి వెళ్లేసరికి పంపు ఆగి చాలా నెలలైంది. నమూనా తీయడం చాలా నిదానంగా చేయాల్సిన పని. సన్నటి ట్యూబులోంచి నీరు మెల్లగా వస్తుంటే మీటరులో ఆమ్లత, లవణాలు, ఆక్సిజన్ అంకెలు నిలకడ పడేదాకా కూర్చోవాలి. తర్వాత 40 మిల్లీలీటర్ల గాజు సీసా. అడుగున కొన్ని చుక్కల ఆమ్లం ఉంటుంది. నీరు అంచు మీద ఉబ్బి నిలబడేదాకా నింపాలి, మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో తట్టాలి. లోపల ఒక్క గాలి బుడగ కనిపించినా ఆ సీసా పనికిరాదు. టీసీఈ నీటిలోంచి ఆ బుడగలోకి వెళ్లిపోతుంది, ల్యాబ్‌లో లెక్క తక్కువ వస్తుంది. ఆ రోజు నాతో ఉన్న సీనియర్ టెక్నీషియన్ ఒక్కో సీసానూ ఎండకి ఎత్తి పట్టి చూసి గానీ ఐస్ పెట్టెలో పెట్టలేదు. ఫలితం వచ్చినప్పుడు ఎవరూ సందేహపడటానికి వీల్లేకుండా చేశాడు.

ఫలితం పరిమితి దాటింది. మామూలు రోజుల్లోనైతే వెంటనే మళ్లీ నమూనా తీసి నిర్ధారించుకుంటాం. ఆ సంవత్సరం దానికి డబ్బు లేదన్నారు.

స్థావరం చుట్టుపక్కల వాళ్లకు పని ఎంతవరకు వచ్చిందో చెప్పే సమావేశాలు అప్పుడప్పుడూ జరిగేవి. ఒకసారి ఒక బడి హాల్లో పెట్టారు. మ్యాపు మీద నీలం గీతలు, ఎర్ర చుక్కలు చూపిస్తూ అధికారి మాట్లాడుతున్నాడు. ఒకామె లేచి, ఆ పంపు ఎప్పుడు బాగుచేస్తారని అడిగింది. "నిధుల లభ్యతను బట్టి" అన్నాడాయన. అందులో అబద్ధం లేదు. శుభ్రం చేస్తామని ప్రభుత్వ శాఖలు రాసుకునే ఒప్పందాల్లోనే ఆ షరతు ఉంటుంది, చట్టసభ ఇవ్వని డబ్బు ఖర్చు పెట్టడం అక్కడ నేరం కూడా. ఆమె కూర్చోలేదు. "నేను ఇంటికెళ్లి పాపకి పాలపొడి కలపాలి. ఏ నీళ్లతో కలపమంటారు?" అని అడిగింది. ఆ హాల్లో ఉన్న మాలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఇంజినీర్లం, జియాలజిస్టులం, లాయర్లం, అందరం ఉన్నాం.

తర్వాత కొన్ని వారాలకు ఆ ఇళ్లకు నీళ్ల సీసాలు ఇచ్చారు. ఆ తర్వాత ఊరి నీటి పైపులైను వేశారు. ఆ పైపులైనుకైన ఖర్చుతో అలాంటి పంపులు ఎన్నో కొనొచ్చు. పొదుపు పేరుతో చేసింది ఇది. కట్టాల్సిన అప్పు కట్టకపోతే అసలు అలాగే ఉండి వడ్డీ పెరిగినట్టు, శుభ్రం చేసే పని వాయిదా వేస్తే ఖర్చు పెరగడమే తప్ప తగ్గడం నేను ఎక్కడా చూడలేదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. డబ్బు ఆగినప్పుడల్లా కాంట్రాక్టు మారేది. కొత్త కంపెనీ వస్తుంది, మళ్లీ మొదటినుంచి ప్రణాళిక రాస్తుంది, పాత డేటా వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు. ఏ బావి మూత తుప్పుపట్టి ఇరుక్కుంటుందో, ఏ బావిలో ఎండాకాలం నీరు అడుగంటుతుందో తెలిసిన మనుషులు అప్పటికే వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోయి ఉంటారు. కోత తర్వాత డబ్బు తిరిగి రావచ్చు, ఆ అనుభవం తిరిగి రాదు.

ఇది అమెరికా ఒక్కదాని సంగతి కాదు. సైనిక బడ్జెట్ ఒక్కసారిగా కూలిపోతే ఏమవుతుందో చూడాలంటే సోవియట్ యూనియన్ పడిపోయాక రష్యా ఉత్తర తీరాన్ని చూడండి. వందకు పైగా అణు జలాంతర్గాములను సేవ నుంచి తప్పించారు, విడదీయడానికి డబ్బు లేదు. అణు ఇంధనం కడుపులో ఉండగానే అవి రేవుల్లో తుప్పు పడుతూ ఉండిపోయాయి. ఆండ్రేయెవా బే అనే చోట జలాంతర్గాముల నుంచి తీసిన వాడేసిన ఇంధనం దాదాపు 22,000 కట్టలు శిథిల గోదాముల్లో ఉండిపోయాయి. నార్వే లాంటి పొరుగు దేశాలు భయపడి తమ డబ్బు పెడితేగానీ పని కదల్లేదు, ఆ ఇంధనం అక్కడి నుంచి తరలడం 2017లో గానీ మొదలవలేదు. కే-159 కథ మరీ దారుణం. 1989లో పక్కన పెట్టిన జలాంతర్గామి అది. 2003 ఆగస్టులో విడదీయడానికి లాక్కెళ్తుంటే, తేలడానికి కట్టిన పాంటూన్లు తుఫానులో తెగిపోయి బారెంట్స్ సముద్రంలో మునిగిపోయింది. లోపల ఉన్న పది మందిలో తొమ్మిది మంది చనిపోయారు. సుమారు 800 కిలోల అణు ఇంధనంతో అది ఇప్పటికీ సముద్రం అడుగునే ఉంది. పద్నాలుగేళ్లు రేవులో వదిలేయకుండా సమయానికి విడదీసి ఉంటే ఆ తొమ్మిది మంది బతికేవాళ్లని నేను గట్టిగా నమ్ముతాను.

స్థావరాలు మూతపడితే అడవులవుతాయన్నారు. అవుతాయి, నిజమే. కానీ ఆ మాట వెనక ఏముందో కూడా తెలుసుకోవాలి. భూమిని ఎంతవరకు శుభ్రం చేయాలన్నది దాన్ని దేనికి వాడతారన్న దాని మీద ఆధారపడుతుంది. ఇళ్లు కట్టాలంటే బాగా శుభ్రం చేయాలి. వన్యప్రాణి ఆశ్రయం అని ప్రకటిస్తే తక్కువ శుభ్రం చేసినా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ మనుషులు కాపురం ఉండరు. డబ్బు లేనప్పుడు ఈ దారి చాలా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కంచె వేసి, "లోపలికి రాకూడదు" అని బోర్డు పెట్టి, దాన్నీ పరిష్కారం కిందే లెక్క రాస్తారు. జింకలకు, పక్షులకు బోర్డు చదవడం రాదు, భూగర్భ జలానికి కంచె అడ్డు కాదు. 2019లో జర్మనీలోని ల్యూబ్‌తేన్ దగ్గర పాత సైనిక శిక్షణ మైదానంలో అడవి తగలబడితే, నేలలో పేలకుండా మిగిలిన గుండ్ల వల్ల అగ్నిమాపక సిబ్బంది మంటల దగ్గరికి వెళ్లలేకపోయారు. ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

హవాయిలోని కహోలావే దీవి నాకు ఎప్పుడూ మనసులో మెదిలే ఉదాహరణ. 1941 నుంచి 1990 దాకా అమెరికా సైన్యం దాన్ని బాంబుల సాధనకు వాడింది. అక్కడి ఆదివాసులకు అది పవిత్ర స్థలం, ఏళ్ల తరబడి పోరాడి బాంబులు ఆపించారు. శుభ్రం చేయడానికి 1993లో 40 కోట్ల డాలర్లు, పదేళ్ల గడువు ఇచ్చారు. గడువు అయిపోయింది, డబ్బు అయిపోయింది, నౌకాదళం వెళ్లిపోయింది. దీవి నేల పైపొర దాదాపు 75 శాతమే శుభ్రమైంది. నాలుగడుగుల లోతు దాకా చూసింది పది శాతం లోపే. మిగిలిన పాతిక శాతం నేలను అసలు ముట్టుకోలేదు. ఎంత డబ్బు, ఎన్నేళ్లు అని రాశారు గానీ ఎంత శుభ్రం కావాలో కట్టుబడి ఉండేలా రాయలేదు. అందుకే అలా ఆగింది.

సైన్యం చేతిలో భూమి ఉన్నప్పుడు జరిగే మంచి కూడా ఉంది, చాలామంది దాన్ని ఒప్పుకోరు. అమెరికాలోని ఫోర్ట్ బ్రాగ్ అనే సైనిక స్థావరం పైన్ అడవుల్లో రెడ్ కాకేడెడ్ అనే వడ్రంగి పిట్ట ఉంటుంది. ఆ అడవిని కొన్నేళ్లకోసారి పద్ధతి ప్రకారం కాల్చి అడుగుపొదలు తగ్గిస్తేనే అది బతుకుతుంది. ఆ పని చేసేది స్థావరంలోని పౌర జీవశాస్త్రవేత్తలు. అక్కడా, ఇతర చోట్లా దశాబ్దాల పాటు చేసిన కృషి వల్లే 2024లో ఆ పిట్ట అంతరించిపోయే ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించగలిగారు. నియామకాలు ఆపేయమని ఆదేశం వస్తే మొదట ఖాళీగా ఉండిపోయేవి అలాంటి కుర్చీలే. అడవి కాల్చడానికి అనువైన వాతావరణం ఏడాదిలో కొన్ని రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో మనుషులు లేకపోతే ఆ ఏడాది పోయినట్టే.

ఇంధనం సంగతికొస్తే, మీరన్నది సరైనదే. విమానాలు తక్కువ ఎగిరితే పొగ తగ్గుతుంది. ఎంత తగ్గిందో సరిగ్గా లెక్క తీయడమే కష్టం, 2015 పారిస్ ఒప్పందంలో సైన్యాలు తమ ఉద్గారాలు చెప్పడం స్వచ్ఛందమే గనక. లెక్క లేని చోట మేలు జరిగిందని ఊహించుకోవడం నాకు ఇష్టం ఉండదు.

మరి కోత పెడుతూనే దీన్ని కాపాడలేమా అంటే, కాపాడొచ్చు. డెన్వర్ పక్కన రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అని రసాయన ఆయుధాలు తయారు చేసిన చోటు ఉంది. తర్వాత షెల్ కంపెనీ అక్కడే పురుగుమందులు చేసింది. సైన్యం, షెల్ కలిసి ఖర్చు భరించాలని చట్టబద్ధంగా రాసుకున్నారు. మధ్యలో ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి సైనిక బడ్జెట్లు బాగా తగ్గాయి, అయినా పని ఆగలేదు. సుమారు 200 కోట్ల డాలర్లు పెట్టి 2010లో శుభ్రపరిచే ప్రధాన పని ముగించారు. అక్కడి బాధ్యత ఏటా బతిమాలుకునే పద్దుగా లేదు, తప్పించుకోలేని బాకీగా ఉంది. నా ఉద్దేశంలో తేడా అంతా అక్కడే ఉంది.

కాబట్టి ఈసారి ఏ ప్రభుత్వమైనా సైనిక ఖర్చు తగ్గిస్తున్నామంటే మొత్తం అంకె చూసి ఆగిపోకండి. అమెరికా బడ్జెట్ పత్రాల్లో పర్యావరణ పునరుద్ధరణకు ఆర్మీకి, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి విడివిడిగా పద్దులుంటాయి, మూసేసిన స్థావరాలకు వేరే పద్దు ఉంటుంది. ఇంకా ఎంత పని మిగిలింది, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నది కూడా రక్షణ శాఖ చట్టసభకు నివేదిస్తుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీరున్న దేశంలో అలాంటి పద్దే విడిగా లేకపోతే, కోత గురించి మాట్లాడే ముందు అది పెట్టమని మీ ప్రతినిధులను అడగండి.